కొత్త కాలనీ బయలు

"అందరి మొక్కలూ పోయి మనది ఒక్కటే ఎట్ల మిగిలిందో చెప్పు."

జయరాముడు ఈ మాట తెల్లవారినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాడు. మొదట గోడను అడిగాడు, తర్వాత తల్లిని అడిగాడు, ఇప్పుడు పెళ్లాన్ని అడుగుతున్నాడు. మగ్గం గుంతలోకి దిగలేదు. ముఖం కడుక్కోలేదు. పద్మావతి పెట్టిన కాఫీ గడప మీదే చల్లారిపోయింది.

"నాకేం తెలుసు? నేనూ నీతోనే లేచినా కదా," అంది పద్మావతి.

"కాలనీలో ఏమంటాండారో ఇన్నావా? జయరాముడు అవతలోళ్లతో కలిసిపోయినాడు, అందుకే వాని మొక్కను ముట్టుకోలేదు అంటాండారు. కేసు వేసినోళ్లలో మొదటి పేరు నాది. ఇంగ నేను తలెత్తుకొని తిరగాల్నా వద్దా?"

"అనేటోళ్లు అంటారు. నువ్వు కాఫీ తాగు."

"కాఫీ గురించి కాదే నేను మాట్లాడేది."

మూలన రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడుతున్న ఓబులమ్మ తల ఎత్తలేదు. కొడుకు గొంతు పెరిగినప్పుడల్లా రాట్నం కూడా కాస్త వేగంగా తిరుగుతోంది. మామూలు రోజుల్లో కాలనీలో కాకి వాలినా అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగల మనిషి ఆమె. ఈ పొద్దు ఆమె నోటి నుంచి ఒక్క మాట రాలేదు. పద్మావతికి అది వింతగానే తోచింది గానీ, ఆ పొద్దు ధర్మవరం కొత్త కాలనీలో వింత కానిదేముంది?

రాత్రి పడుకునేటప్పుడు బయలు నిండా మొక్కలున్నాయి. పొద్దున లేచి చూస్తే గుంతలున్నాయి. నర్సరీ వాళ్లు ఊరికే ఇచ్చిన వేపలూ కానుగలూ, ఇంటికొకటి చొప్పున నాటుకున్నవి, తాగే నీళ్లకే కరువైన ఏడాదిలో బియ్యం కడిగిన నీళ్లు పోసి బతికించుకున్నవి, ఒక్కటీ లేదు. విరిచి పారేసిన గుర్తు లేదు. ఒక ఆకు కూడా రాలలేదు. ఎవరో వచ్చి అడిగి తీసుకుపోయినంత శుభ్రంగా మాయమయ్యాయి.

దొంగను పట్టడానికి మగవాళ్లు ఎంతోసేపు ఆలోచించలేదు. కాలనీ మధ్యనున్న ఆ స్థలం కాగితాల్లో పార్కు. వర్తకుల సంఘం పెద్ద గంగాధరప్ప అక్కడ కల్యాణమంటపం కట్టాలని రాళ్లు తోలించాడు. అనంతపురం నుంచి వకీలు నాగరత్నమ్మ వచ్చి, పేదలకు ఉచితంగా న్యాయ సహాయం చేసే సంఘం తరఫున, పైసా తీసుకోకుండా కాలనీ వాళ్లచేత కేసు వేయించి ఆ పని ఆపించింది. అక్కడ నిజంగా పార్కు పెరుగుతోందా లేదా అని కళ్లారా చూసి రాసుకుపోవడానికి కోర్టు పంపిన కమిషనర్ ఈ పొద్దే వస్తాడు. మొక్కలుంటే కాలనీకి పార్కు, లేకపోతే గంగాధరప్పకు మంటపం. అలాంటి పొద్దున మొక్కలు పోతే ఎవరి పని అనుకుంటారు? రాళ్ల కుప్పకు కాపలా ఉన్న రంగన్నను నలుగురూ పట్టుకుని, రెండు తగిలించి, పోలీసులకు అప్పగించి వచ్చారు.

"రంగన్న ఒప్పుకున్నాడా?" అని పద్మావతి అడిగింది.

"ఒప్పుకోకపోతే ఒప్పిస్తారు."

"ముసలాయప్పను కొట్టినారంట కదా."

"కొట్టకుండా ముద్దు పెట్టుకుంటారా? నేనూ ఒకటి వేసినా," అన్నాడు జయరాముడు.

రాట్నం ఆగింది. దారం తెగినట్టుంది. ఓబులమ్మ వంగి, తెగిన కొసలు వెతికి ముడి వేయబోయింది. ముప్పై ఏళ్లుగా కళ్లు మూసుకుని వేసే ముడి ఈ పొద్దు ఆమెకు పడలేదు.

"మా, నువ్వన్నా ఏమన్నా చెప్పు," అన్నాడు కొడుకు.

"ఏం చెప్పేది నాయనా. ఎండెక్కతాండాది, టేసనుకు పో. వకీలమ్మ దిగే పొద్దాయె," అంది ఓబులమ్మ.

జయరాముడు చొక్కా తగిలించుకుని పోయాడు. పోతూ పోతూ ఇంటికి ఎదురుగా బయల్లో మిగిలిన ఆ ఒంటి వేపమొక్కను, అదేదో తన మీద సాక్ష్యం చెప్పడానికి నిలబడినట్టు, ఒక చూపు చూసి పోయాడు.

పద్మావతి ఒక గుక్క కాఫీ తాగి మిగతాది పారబోసింది. నెలలు నిండుతున్న మనిషి. నోరు పిడచకట్టుకుపోతున్నా ఈ మధ్య ఆమె గుక్క చూసుకుని తాగుతోంది. ఎందుకో ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

వచ్చేవాళ్లకు చాప పరచాలి. చాప ఇంటి వెనక ఎండేసి ఉంది. దానికోసం పోయింది పద్మావతి. అక్కడ గోడ పక్కన పాత రంగు తొట్టి ఒకటుంది. మామ బతికున్న కాలంలో పట్టుకు రంగులద్దేందుకు వాడినది, ఇప్పుడు దానికి పని లేదు. దాని మీద ఎవరో గోనెపట్ట కప్పారు. గోనెపట్ట తడిసి ఉంది. అంచు కింద నుంచి ఒక ఆకు బయటికి చూస్తోంది.

పద్మావతి పట్ట ఎత్తింది.

వేపలూ కానుగలూ తొట్టి నిండా, ఒకదాని పక్కన ఒకటి, పసిబిడ్డల్ని పడుకోబెట్టినట్టు పేర్చి ఉన్నాయి. ఒక్కో మొక్క వేళ్లకు మట్టి రాలకుండా తడిగుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది. ఆ గుడ్డ ఆమెకు తెలుసు. కాటుక రంగు మీద పసుపు గళ్లు. అత్త రోజూ రాత్రిపూట కట్టుకునే పాత చీర.

పద్మావతి తొట్టి అంచు పట్టుకుంది.

"అరవద్దు పిల్లా," అని వెనక నుంచి వినిపించింది. ఓబులమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఆ పట్ట కప్పు. ఎండ తగిలితే వాడిపోతాయి."

"అత్తా... నువ్వా?"

"నేనొక్కదాన్నే ఇన్ని పీకితే నా నడుము ఈ పొద్దు లేస్తుందా? అందరమూ."

"అందరంటే?"

"ఎదురు వరస లచ్చీనరసమ్మ ఉండాది, ఆ వరసలో వాళ్లంతా ఉండారు. నువ్వు తప్ప కాలనీ ఆడోళ్లు అందరూ అనుకో."

పొద్దున ఆడవాళ్లందరూ గుంతల చుట్టూ చేరి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అయ్యో అయ్యో అని ఎంత బాగా అనుకున్నారు. లక్ష్మీనరసమ్మ అయితే రంగన్నకు శాపనార్థాలు కూడా పెట్టింది. అదంతా నటనేనా?

"మీ ఆడోళ్లే కదత్తా నాటింది. నీళ్లు పోసిందీ మీరే. మొక్కలు ఏం చేసినాయి నిన్ను?"

"మొక్కల మింద నాకేం పగ? పగుంటే నా చీర చించి కట్టుదునా?"

"మరి ఎందుకు పీకినారు?"

ఓబులమ్మ గోడ మీద ఆరేసిన గుడ్డను తీసి, మడిచి, మళ్లీ విప్పి అక్కడే వేసింది.

"కంప కొట్టేసినారు కదా," అంది చివరికి.

ఆ ఒక్క ముక్కతో పద్మావతికి సగం అర్థమైంది. మిగతా సగం ఆమె ఒంటికే తెలుసు.

కొత్త కాలనీ ఇళ్లు కట్టించిన పెద్దమనుషులు తెలివైనవాళ్లు. నేసేవాళ్లకు ఇళ్లు కదా అని ప్రతి ఇంట్లో మగ్గం గుంతకు చోటు వదిలారు. మనుషులకు ఇంకో గుంత కూడా అవసరమవుతుందని మాత్రం వాళ్లకు తోచలేదు. మగవాళ్లు చెరువు వైపు పోతారు, వాళ్లకు దిక్కులన్నీ దారులే. ఆడవాళ్లకు మధ్య బయల్లో నిలువెత్తు పెరిగిన కంప చెట్లే గోడ, అవే తలుపు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని కలిసి పోయేవాళ్లు, కలిసి వచ్చేవాళ్లు. కష్టసుఖాలు చెప్పుకునేదీ అక్కడే. పార్కు కోసమని మగవాళ్లు ఆ కంపంతా కొట్టి, వేళ్లతో సహా తవ్వి, చదును చేసి మొక్కలు నాటించారు. మొక్కలు మోకాటి ఎత్తున్నాయి. వాటి చాటున కోడిపిల్ల కూడా దాక్కోలేదు.

"ఇప్పుడు రైలు కట్ట పక్కకు పోతాండాము," అంది ఓబులమ్మ. "లచ్చీనరసమ్మ మోకాలు యాడ పగిలిందనుకున్నావు? నీళ్లకు పోయి జారినా అని మొగునికి చెప్పింది. గూడ్సు బండి లైటు మింద పడితే, సిగ్గుతో లేసి పరిగెత్తి రాళ్లల్లో పడింది. బండిలో వాడెవడో ఈలేసినాడంట. అది ఇంటికి వచ్చి ఎంత ఏడ్చిందో నీకు తెలీదు."

"నాకు చెప్పలేదే."

"నువ్వు చెప్పినావా? మద్యాన్నం నుంచి చుక్క నీళ్లు ముట్టవు. కడుపులో బిడ్డను పెట్టుకొని ఎండిపోతాండావు. నేను చూడలేదనుకుంటివా?"

పద్మావతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ అది తన ఒక్కదాని గుట్టు అనుకుంది. చూసే కళ్లు ఇంట్లోనే ఉన్నాయని తెలిసేసరికి ఏడుపు ఆగలేదు.

"మగోళ్లకు ఒక మాట చెప్పుంటే పోయేది," అంది ముక్కు తుడుచుకుంటూ.

"ఏమని చెప్తాం? నా కొడుక్కు నేను చెప్తానా ఆ మాట? నీ మొగునికి నువ్వు చెప్పినావా?"

పద్మావతి గోనెపట్ట అంచు సర్దింది.

"వకీలమ్మకన్నా చెప్పాల్సింది. ఆమె ఆడమనిషే కదా."

"మేము చెప్పేదేముంది, ఆమే అడిగింది," అంది ఓబులమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపమూ ఉంది, నవ్వూ ఉంది. "ఆ దినం నువ్వు కణేకల్లులో మీ అమ్మోళ్లింట్లో ఉండావు. వకీలమ్మ ఆడోళ్లనందర్నీ కూడేసి, 'అమ్మా, ఈ బయలు మీకు కావాల్నా వద్దా, సిగ్గుపడకుండా చెప్పండి' అనె. మాకు సిగ్గూ వచ్చె, సంతోషమూ వచ్చె. ఇన్నేండ్లకు సదువుకున్న మనిషి ఒకతె, మొగోళ్ల ముందర, నోరు తెరిచి ఆ మాట అడిగింది. దేవత లాంటి మనిషి అనుకుంటిమి. బయలు లేకపోతే ఆడోళ్లకు ఎట్ల జరుగుతుందమ్మా అని నేనే ముందు ఏలిముద్ర ఏస్తి. నా ఎనక అందరూ ఏసిరి."

"ఆమె అడిగింది ఖాళీ జాగా గురించి అత్తా. పార్కు గురించి."

"మాకేం తెలుసు? నాలుగు దినాలకు మొగోళ్లు గొడ్డండ్లు తీసుకొని వచ్చిరి. వకీలమ్మ కేసు గెలవాలంటే కంప కొట్టాలంట అనిరి. అప్పుడు గదా తెలిసింది, ఆమె అడిగిన బయలు వేరే, మేము ఏలిముద్ర ఏసిన బయలు వేరే."

పద్మావతి తొట్టిలోకి చూస్తూ ఉండిపోయింది. ఒక్క మాట. దాన్ని వకీలమ్మ ఒక అర్థంతో చెప్పింది, ఆడవాళ్లు ఇంకో అర్థంతో విన్నారు. దాని మీదే ఇంత కేసు నిలబడింది. పద్మావతి పుట్టిన కణేకల్లులో కాలవ పారుతుంది, గట్ల మీద చెట్లు తోచినట్టు పెరుగుతాయి. ఈ ఎర్రటి ఎండలో తన బిడ్డ ఆడుకోవడానికి అంత నీడ కావాలని, కాలనీలో అందరికంటే ఎక్కువ ఆశపడింది ఆమే.

"నాది ఒక్కటే ఎందుకు వదిలినారు?"

"కడుపుతో ఉండే మనిషి నాటిన చెట్టు ఏరు కదిలిస్తారా ఎవరన్నా? బిడ్డ నేల మింద పడేదాకా దాన్ని ముట్టకూడదు. మా అమ్మ కాలం నుంచీ ఉండాది ఆ పద్ధతి."

"ఆ పద్ధతి వల్లే నీ కొడుకు మింద నింద పడింది."

"అది నాకు తట్టలేదు," అంది ఓబులమ్మ. పాపం, అది నిజమే. "పోనీలే. కమిషనరు వస్తాడు, మొక్కలు లేవని రాసుకొని పోతాడు. పార్కు పోతుంది. వానొస్తే కంప మళ్లీ మొలుస్తుంది. ఈ మొక్కలు మనం ఇండ్ల ముందర నాటుకుందాం."

పద్మావతి అత్త ముఖంలోకి చూసింది. ఆమె ఎగతాళికి అనడం లేదు.

"కంప యాడ మొలుస్తుందత్తా? పార్కు పోతే మంటపం వస్తుంది. చుట్టూ గోడ కట్టి గేటు పెడతారు."

"మంటపం కోర్టు ఆపింది కదా."

"పార్కు ఉండాదని ఆపింది. పార్కు లేదంటే కట్టుకోమంటుంది."

ఓబులమ్మ నిలబడినచోటే కూర్చుంది. గోడకు తల ఆనించి, నోరు కొంచెం తెరిచి, కోడలి వైపు కాక ఎటో చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖం అంత తెల్లబోయి ఉండడం మామ చచ్చిపోయినరోజు తర్వాత పద్మావతి మళ్లీ చూడలేదు.

"అయితే మా చేతులతో మేమే..." అంది ఓబులమ్మ.

అంతలో వీధిలో జయరాముడి గొంతు వినిపించింది. వకీలమ్మ వచ్చింది.

*

నాగరత్నమ్మ ఎప్పుడు వచ్చినా ముందు ఊళ్లో బంధువుల ఇంటికి పోయి, స్నానం చేసి, టిఫిన్ తిని, తీరికగా కాలనీకి వచ్చేది. ఈ పొద్దు మొక్కల సంగతి స్టేషన్లోనే తెలియడంతో నేరుగా వచ్చేసింది. నేత చీర, చేతి మీద నల్లకోటు, కళ్లలో నిప్పులు.

"వదలను నేను వాళ్లను," అంది చాప మీద కూర్చుంటూనే. "ఇదివరకు సివిల్ కేసే. ఇప్పుడు క్రిమినల్ కేసు కూడా పెడదాం. ఆ రంగన్న చేత ఎవరు పీకించినారో కోర్టులో చెప్పిస్తాను. జయరాముడూ, నీ మొక్క ఎందుకు వదిలినారో తెలుసా? మిమ్మల్నందర్నీ విడదీసేదానికి."

"నేనూ అదే అంటాండా మేడం," అన్నాడు జయరాముడు. పొద్దుటి నుంచి మొదటిసారి అతని ముఖంలో జీవం వచ్చింది. నలుగురినీ పిలుచుకు వస్తానని బయటికి పోయాడు.

పద్మావతి మజ్జిగ ఇచ్చింది. ఏదో చెప్పాలని నిలబడింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నాగరత్నమ్మే ఆమెను దగ్గరికి రమ్మని, గొంతు తగ్గించి అడిగింది.

"పద్మావతీ, బాత్రూం ఎట్ల పోవాలమ్మా? ఇంట్లో నుంచి అట్లే రైలెక్కేసినాను."

"స్నానానికి గోనెపట్ట కట్టుకున్నాం వకీలమ్మా. మీరు అడిగేది లేదు."

"లేదా? మరి పక్కింట్లో?"

"యా ఇంట్లోనూ లేదు."

"మరి మీరంతా యాడికి పోతారు?"

పద్మావతి నేల వైపు చూస్తూ చెప్పింది.

"బయలికి."

నాగరత్నమ్మ అలాగే తల ఊపింది. ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగిపోయింది. ఆమె పెదవులు ఆ మాటను చప్పుడు లేకుండా ఒకసారి అనుకున్నాయి. ఆ దినం ఆడవాళ్లందరూ ఎందుకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారో, ఓబులమ్మ ఎందుకు కళ్లు తుడుచుకుంటూ వేలిముద్ర వేసిందో, తాను అనంతపురం పోయి తోటి వకీళ్లకు ఎంత గొప్పగా చెప్పుకుందో, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు ఆమె ముఖం వాడిపోయింది.

"ఆ దినం నేను..." అంది.

"ఔను వకీలమ్మా."

పద్మావతి అంతా చెప్పింది. కంప సంగతి, రైలు కట్ట సంగతి, తొట్టి సంగతి. నాగరత్నమ్మ చేతిలోని మజ్జిగ గ్లాసు తాగకుండానే కింద పెట్టేసింది.

"నేను అడగాల్సింది," అంది. "ఇన్నిసార్లు వచ్చినాను. ఒక్కసారి అడగాల్సింది."

"ఇప్పుడేం చేద్దాం? మొక్కలు బతికే ఉండాయి. చూపిస్తా రండి."

"వద్దు. నాకు చూపించొద్దు. చూస్తే నేను కూడా సాక్షినవుతాను." నాగరత్నమ్మ కోటు ఒళ్లోకి తీసుకుని దాని మడతలు సర్దింది. "విను పద్మావతీ. కాలనీ ఆడవాళ్లందరూ పార్కు కోరుతున్నారని పిటిషన్లో రాసింది నేను. ఈ కేసుకు బలం అదే. మీరు నిజం చెప్తే ఆ బలం ఈ పొద్దే పోతుంది. చెప్పకపోతే..."

"రంగన్న ఉండాడు," అంది పద్మావతి.

"ఔను. రంగన్న ఉండాడు." వకీలమ్మ ఆమె ముఖంలోకి చూడలేదు. "అబద్ధం చెప్పమని నా నోటితో నేను చెప్పలేను. నిజం చెప్పమనీ చెప్పలేకపోతున్నాను. కమిషనర్ అడిగితే ఏం చెప్తావో ముందుగా నాతో అనొద్దు. దయచేసి అనొద్దు."

ఇంత చదువుకున్న మనిషి తనను దయచేసి అని అడుగుతుందని పద్మావతి ఎన్నడూ అనుకోలేదు. దారి చూపిస్తుందని చెప్పుకుంటే, ఆమే దారి తప్పినట్టు కూర్చుంది.

*

కమిషనర్ తిప్పేస్వామి కుర్ర వకీలు. ఎండకు చెమటలు కక్కుతూ గుంతలన్నీ చూశాడు, రాళ్ల కుప్ప చూశాడు, ఒంటి వేపమొక్క చుట్టూ తిరిగి చూశాడు. కాలనీ అంతా ఒక పక్క, గంగాధరప్పా ఆయన మనుషులూ ఒక పక్క. మధ్యలో రాళ్ల మీద కానిస్టేబుల్ పక్కన రంగన్న. అతని కింది పెదవి ఉబ్బి ఉంది. ఎవరినీ చూడకుండా తన కాళ్లనే చూసుకుంటున్నాడు.

"మొక్కలు పీకే ఖర్మ నాకేల సార్?" అన్నాడు గంగాధరప్ప. మనిషి మెత్తగా మాట్లాడతాడు. "నేను దేవుని పేరు మీద మంటపం కట్టేవాణ్ని. మా రంగన్నకు ఎక్కిన మెట్టు దిగేదానికే ఆయాసం. ఇన్ని మొక్కలు పీకుతాడా?"

"మరి ఎవరు పీకినారు? గాలికి పోయినాయా?" అన్నాడు జయరాముడు.

"అది నీ మొక్కనే అడుగు. అదొక్కటే కదా మిగిలింది."

కాలనీ మగవాళ్లలో ఎవరో నవ్వారు. జయరాముడి మెడ నరాలు పొంగాయి.

"ఈ మొక్క ఎవరిది?" అని కమిషనర్ అడిగాడు.

"మా ఇంటిదే సార్. నా భార్య నాటింది."

"ఆమెను పిలవండి. ఆడవాళ్ల మాట కూడా రాసుకోవాలి."

పద్మావతి కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందుకు వచ్చింది. మొగుడు ఆమె పక్కకు వచ్చి, పెదవులు కదలకుండా, "పార్కు అను," అన్నాడు. ఆమె వెనక్కి చూసింది. ఆడవాళ్లంతా ఒక గుంపుగా నిలబడ్డారు. లక్ష్మీనరసమ్మ చిన్నగా తల అడ్డంగా ఊపింది. ఓబులమ్మ ఆ గుంపులో లేదు.

"భయపడకుండా చెప్పమ్మా," అన్నాడు కమిషనర్, కాగితం మీద కలం ఆనించి. "ఈ జాగాను మీ ఆడవాళ్లు దేనికి వాడుకుంటా ఉండారు?"

"బయలికి, సార్."

ఆడవాళ్ల గుంపులో ఊపిరి ఆగింది. కమిషనర్ మాత్రం తృప్తిగా తల ఊపి రాసుకున్నాడు. రాసింది పైకి చదివాడు.

"సదరు స్థలాన్ని కాలనీ స్త్రీలు బయలుగా, అంటే పిల్లలు ఆడుకోవడానికి, గాలికి కూర్చోవడానికి ఖాళీ ప్రదేశంగా వాడుకుంటున్నారు. అంతేనామ్మా?"

జయరాముడు గట్టిగా ఊపిరి వదిలాడు. నాగరత్నమ్మ కళ్లు మూసుకుంది.

అదే తప్పు మళ్లీ జరిగింది. ఈసారి అది కాలనీ పక్కన పడింది. ఊ అంటే చాలు. పార్కు దక్కుతుంది, మొగుని పరువు దక్కుతుంది, అత్త గుట్టు దక్కుతుంది. రంగన్న తప్ప అందరూ ఇళ్లకు పోతారు. రేపు తెల్లవారుజామున ఆడవాళ్లందరూ మళ్లీ రైలు కట్టకు పోతారు.

పద్మావతికి నాలుక తడారిపోయింది. నీళ్లు తాగి ఎంతసేపయిందో.

"అది కాదు సార్," అంది.

"మరి?"

"చెంబు తీసుకొని పోయే బయలు సార్. మా ఇండ్లల్లో ఆ వసతి లేదు. కంప ఉన్నప్పుడు దాని చాటుకు పోతాంటిమి. కంప కొట్టేసినాక మరుగు లేదు. మేము చెప్పుకోలేకపోతిమి. అందుకే మొక్కలు పీకినాం. రంగన్న పీకలేదు. మా ఆడోళ్లమే పీకినాం. మా తొట్టిలో ఉండాయి. బతికే ఉండాయి."

పీకినాం అంది. ఆమె చేయి ఒక్క మొక్క మీద కూడా పడలేదు. అయినా ఆ మాట అలాగే వచ్చింది.

కాలనీ మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, తర్వాత ఎవరి పెళ్లాల వైపు వాళ్లు చూశారు. పొద్దున రంగన్నను కొట్టినవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు. గంగాధరప్ప కండువాతో ముఖం తుడుచుకున్నాడు. గెలిచినవాడి ముఖంలా లేదు అది. ఆయన ఇంట్లోనూ ఆడవాళ్లున్నారు.

కమిషనర్ చెవులు ఎర్రబడ్డాయి. కలానికి మూత పెట్టి, నాగరత్నమ్మ వైపు తిరిగాడు.

"మేడం, ఇదంతా... ఇది నేను రాయలేను. రాస్తే మీ కేసు నిలవదు. ఇంకేదన్నా మాట చెప్పమనండి ఆమెను."

నాగరత్నమ్మ జవాబు చెప్పిన గొంతు కోర్టులో వినిపించే గొంతు కాదు.

"రాయండి సార్. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయండి. ఒక్క మాట కూడా మార్చొద్దు. ఆ మాటను ఒకసారి నేను మార్చి రాసినాను."

అప్పుడు ఇంటి పక్క సందులో నుంచి ఓబులమ్మ వచ్చింది. ఒక చేతిలో కానుగ మొక్క ఉంది. వేళ్లకు కట్టిన పసుపు గళ్ల గుడ్డ నుంచి నీళ్లు కారుతున్నాయి. రెండో చేతిలో చెంబు ఉంది. ఆమె నేరుగా రంగన్న దగ్గరికి పోయి చెంబు ఇచ్చింది.

"నీళ్లు తాగు నాయనా," అంది. "మా తప్పు నీ మింద పడింది."

జయరాముడు తల్లిని చూశాడు. తల్లి చేతిలో మొక్కను చూశాడు. ఆ గుడ్డను చూశాడు. అతనికి అంతా అర్థమైంది. ఎవరో నవ్వుతారని ఎదురుచూసినట్టు చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. దానికి అతని కోపం ఇంకా పెరిగింది.

"ఇందరి ముందర," అన్నాడు పెళ్లాంతో, అందరికీ వినపడేటట్టు. "ఇందరు మొగోళ్ల ముందర, ఆ మాట, నా ఇంటి మనిషి."

"ఏమయ్యా, ఇంట్లోకి పోదాం రా," అంది పద్మావతి.

అతను ఇంట్లోకి పోలేదు. ఇంటికి ఎదురుగా ఉన్న ఒంటి వేపమొక్క దగ్గరికి పోయాడు. దాని ముందు ఒక క్షణం నిలబడి, వంగి, మొదలు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ పద్ధతి అతనికి తెలియనిది కాదు. ఓబులమ్మ కొడుకు.

"దాన్ని వదులు నాయనా," అంది ఓబులమ్మ ఉన్నచోటు నుంచే. "దాన్ని మాత్రం వదులు."

పద్మావతి చేయి ఆమెకు తెలియకుండానే కడుపు మీదికి పోయింది. జయరాముడు తల ఎత్తలేదు. మొక్క చుట్టూ ఎర్రమట్టి నెర్రె విచ్చింది.